లంబసింగిలో అతిథిగృహానికి చెట్లు: వైజాగ్ లిస్టు అక్కడ పనికొస్తుందా?

సాగర్‌నగర్_తోటపని

నమస్తే అండి. వైజాగ్‌లో తోటపని కాంట్రాక్టు చేస్తుంటాం. లంబసింగి నుంచి చింతపల్లి వెళ్లే దారిలో అక్కడి గిరిజన కుటుంబం ఒకటి తమ సొంత స్థలంలో ఆరు గదుల అతిథిగృహం కట్టుకుంటోంది. చెట్ల పని మాకిచ్చారు. స్థలం 70 సెంట్లు. రోడ్డు పడమర వైపు, ఎత్తున ఉంది. అక్కడి నుంచి తూర్పుకి వాలుగా దిగి గెడ్డ (వాగు) దగ్గర ఆగుతుంది. పై గట్టుకీ గెడ్డకీ సుమారు 20 అడుగుల తేడా. ఎర్ర గరప నేల, రెండు రెండున్నర అడుగుల కింద మెత్తరాయి తగులుతోంది. బోరు ఒకటే, వేసవిలో సన్నగా వస్తుంది.

నాలుగు కార్లు ఆగేచోట నీడ కావాలి. రోడ్డు వైపు 90 అడుగుల పొడవున చాటు కావాలి. గదుల ముందు పూలచెట్లు, గెడ్డ వారన ఏదైనా పెద్ద చెట్టు. మధురవాడ, భీమిలి వైపు మేం వేసేవి పొన్న, గంగరావి, బాదం, పొగడ, అశోక, రాయల్ పామ్, పచ్చ తురాయి, ఎర్ర తురాయి, ఏడాకుల పాల, కోనోకార్పస్. వీటిలో ఏవి అక్కడ నిలుస్తాయి? ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 35 దాకా పోతోంది. డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు గట్టిగా పేరుకుంటోంది.

ఇంకో సంగతి. పోయినేడు వేరేవాళ్లు గెడ్డ వారన పది ఎర్ర తురాయి మొక్కలు నాటారు, నాలుగడుగులవి. ఈ జనవరిలో చివర్లు నల్లబడి వాలిపోయాయి. అదే లోడులో వచ్చి పై గట్టు మీద నాటిన మూడూ పచ్చగానే ఉన్నాయి. కిందవి పీకేయమంటారా, ఉంచమంటారా?

కొండవాలు

మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబు ఉందండి. ఒకే జాతి, ఒకే వయసు, ఒకే లోడు. పైవి బతికాయి, కిందవి మాడాయి. చెట్టు పేరు కంటే ముందు, దాన్ని ఏ ఎత్తున పెడుతున్నారో చూడాలి.

ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి నేలా ఆకులూ తమ వేడిని పైకి వదిలేస్తాయి. వాటిని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట నీళ్లలా కిందికి జారి గెడ్డలో నిలుస్తుంది. లంబసింగి అనగానే అందరికీ పొగమంచే గుర్తొస్తుంది గానీ చెట్టుకి ప్రమాదం ఆ రాత్రుల్లో తక్కువ. మబ్బు గానీ పొగమంచు గానీ కమ్మితే నేల వదిలిన వేడిలో చాలా భాగం తిరిగి నేలకే వస్తుంది. చుక్కలు స్పష్టంగా కనబడే, ఆకు కదలని రాత్రికి భయపడాలి. అలాంటి రాత్రి ఆకు, చుట్టూ ఉన్న గాలి కంటే 2 నుంచి 4 డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. పేపర్లో కనిష్ఠం 3 డిగ్రీలు అని వచ్చిన రోజు కూడా గడ్డి మీద మంచు పేరుకునేది అందుకే. ఆ లెక్క నేలకి నాలుగడుగుల పైన, పెట్టెలో పెట్టిన థర్మామీటరుది.

మినిమమ్ థర్మామీటర్లు మూడు కొని గట్టు మీద ఒకటి, గదుల దగ్గర ఒకటి, గెడ్డ వారన ఒకటి, అన్నీ నేలకి అడుగు ఎత్తున కట్టించండి. చలి తగ్గిపోతున్నా ఫర్వాలేదు. మీకు కావలసింది పైకీ కిందికీ మధ్య తేడా. ఫిబ్రవరిలో తేటగా ఉన్న నాలుగైదు రాత్రులు చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

రోడ్డు మీకు పైన ఉండడం అదృష్టం. ఆ వైపు చాటు ఎంత దట్టంగా ఉంటే అంత మంచిది, పైనుంచి జారే చల్లగాలిని పక్కకి మళ్లిస్తుంది. గెడ్డ వైపు మాత్రం వాలుకి అడ్డంగా గోడ కట్టొద్దు, దట్టమైన కంచె మొక్కలూ వద్దు. చల్లగాలి దాని వెనక ఆగి గదుల దాకా ఎక్కుతుంది. గోడ తప్పనిసరైతే అడుగున పది అడుగులకొకటి చొప్పున రెండడుగుల వెడల్పు ఖాళీలు వదిలి జాలీ పెట్టించండి.

చింతపల్లి_మిరియం

మీ లిస్టు గురించి. పొన్న, గంగరావి, బాదం ఉప్పుగాలికి, ఇసుకనేలకి తట్టుకునే చెట్లు. బీచ్ రోడ్డులో వాటి విలువ వేరు. ఇక్కడ వాటి బలం దేనికీ అక్కరకు రాదు, చలికి తట్టుకునే గుణం లేదు. పొగడ ఎదుగుదలే నెమ్మది, ఏటా చివర్లు మాడితే ఇక ఎత్తుకోదు.

రాయల్ పామ్ అసలు వద్దు. తాటిజాతి చెట్టుకి పెరిగే మొగ్గ ఒక్కటే, నడినెత్తిన ఉంటుంది. అది చలికి పోతే పక్కనుంచి కొమ్మ రాదు, చెట్టు పోయినట్టే. ఆ రూపం కావాలనుకుంటే ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు ఉందిగా! ఈ ఎత్తుకి అలవాటైన చెట్టు, ఆకు అందం రాయల్ పామ్‌కి రాదు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. కాయల రసం ఒంటికి తగిలితే దురద, కాబట్టి నడకదారికి పది అడుగులు ఎడంగా పెట్టాలి. పూతగెలలు పైనుంచి మొదలై ఏటేటా కిందికి వస్తాయి, ఆఖరి గెల అయ్యాక చెట్టు చనిపోతుంది. అందుకని రెండు మూడేళ్ల తేడాతో ఒక్కొక్కటి నాటుకోవాలి. ఎండ బాగా తగిలే గట్టు మీదికి ఈత కూడా బాగుంటుంది.

ఏడాకుల పాల గదుల దగ్గర వద్దు. అది పూసేదీ మీకు జనం వచ్చేదీ ఒకే కాలం, రాత్రిపూట ఆ ఘాటు చాలామందికి పడదు. కోనోకార్పస్ ఎక్కడా వద్దనే అంటాను. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. పైగా మంచుకి ఆగదు. పచ్చ తురాయి, ఎర్ర తురాయి రెండూ పెళుసు కొమ్మలవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఏ చెట్లు రోడ్లకి అడ్డం పడ్డాయో మీకు తెలియనిది కాదు. ఇక్కడైతే ఏటా చివరి కొమ్మ మాడి, పక్కలనుంచి నాలుగైదు లేచి, చెట్టు కాస్తా పొదలా తయారవుతుంది. అశోక గట్టు మీదైతే సరే. మొదటి రెండు మూడు చలికాలాలు చివర్లు కమిలినా తేరుకుంటుంది.

ఎండకీ చలికీ రెండిటికీ ఆగే చెట్టేదో తేల్చుకోడానికి ఢిల్లీని చూడండి. వేసవిలో 45, జనవరిలో 2, 3 డిగ్రీలు. అక్కడి పాత రోడ్ల వెంట వరసగా నిలిచినవి నేరేడు, వేప, తెల్లమద్ది, చింత. నాలుగూ మన చెట్లే. పెద్దయ్యాక ఏ ఇబ్బందీ లేదు, మొక్కగా ఉన్నప్పుడే నాలుగిటికీ మంచు గండం. మొదటి మూడు చలికాలాలు దాటించడమే మీ పని.

గెడ్డ వారన నా ఓటు తెల్లమద్దికి. వాగుల వెంట పుట్టి పెరిగే చెట్టు, తడినేలకి భయపడదు. దానికి తోడుగా నేరేడు. కార్ల దగ్గర నేరేడు పెట్టకండి, జూన్‌లో కార్లన్నీ ఊదారంగు మరకలే. అక్కడికి కానుగ. నీడ చిక్కగా ఉంటుంది, వేరు లోతుకి పోతుంది, పెద్దది తేలికపాటి మంచుని తట్టుకుంటుంది. 20 అడుగులకొకటి చాలు.

గదుల ముందు దేవకాంచనం, క్రేప్ మిర్టిల్ వేయండి. రెండూ చలికి ఆకు రాల్చి నిద్రపోయే రకాలు. ఆకు లేని చెట్టుకి మంచు చేసే చెరుపు తక్కువ. పైగా చలికాలంలో గదులమీద ఎండ పడుతుంది, ఇక్కడ అది చాలా ముఖ్యం. రేల, జకరాండ గట్టు వైపు. చలికి బాగా ఆగే ఇంకో చెట్టు తురక వేప. తొందరగా ఎదుగుతుంది కానీ కాయలు విషం. పిల్లలు తిరిగేచోట వద్దు.

రోడ్డు వైపు చాటుకి సిల్వర్ ఓక్ ఉండనే ఉంది. కాఫీ తోటల్లో అందరూ వేసేదే, మొక్క దొరకడమూ తేలిక, పైన మిరియం పాకించుకోవచ్చు.

మొక్కుబడి_కాదు

సిల్వర్ ఓక్ విషయంలో మాత్రం పై సలహాతో ఏకీభవించలేను. కాఫీ మీద నీడకి అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ కింది కొమ్మలు నరికి నిటారుగా పెంచుతారు. మీకు కావలసింది కింది నుంచి మూసుకునే చాటు. ఆరేడేళ్లకి సిల్వర్ ఓక్ కింద ఎనిమిది పది అడుగులు బోసిపోతుంది. రోడ్డు మీద లైట్లు నేరుగా గదుల్లోకే. కొమ్మ పెళుసు, ఆకు ఏడాదంతా రాలి గట్టర్లలో ఇరుక్కుంటుంది. కప్పుకి 25 అడుగుల లోపు పెట్టొద్దు.

పైగా 90 అడుగులూ ఒకే జాతి వేస్తే ఒక్క తెగులుకో ఒక్క చలికో వరసంతా పోతుంది. రెండు వరసలు చేయండి. రోడ్డు వైపు వరసలో 15 అడుగులకొకటి చొప్పున ఏడు చెట్లు పడతాయి. సిల్వర్ ఓక్ మూడు, అశోక నాలుగు, కలిపి. లోపలి వరసలో 8 అడుగులకొకటి బాటిల్ బ్రష్, కింది కొమ్మలు కత్తిరించకుండా. అది చలికీ ఎండకీ ఆగుతుంది, పక్షులొస్తాయి. చివర చోటుంటే ఒకటి రెండు లిచీ. చింతపల్లి ప్రాంతంలో పండుతోంది, పూత రావడానికి ఈ చలే కావాలి, గుండ్రంగా నేల దాకా కమ్ముకుంటుంది. 25 అడుగుల ఎడం ఇవ్వాలి, వేసవిలో నీళ్లు తప్పకూడదు. వడగాలికి కాయ పగులుతుంది, చెట్టుకేం కాదు.

సాగర్‌నగర్_తోటపని

చాలా ఉపయోగం అండి. అందరికీ ధన్యవాదాలు. మొక్కలు కడియం నర్సరీల నుంచి తెప్పిద్దామనుకుంటున్నాం. ఓనరు తొందరపడి పది, పన్నెండు అడుగులవి కావాలంటున్నారు, నవంబరులో ప్రారంభోత్సవానికి ముందు నాటేయమంటున్నారు. మొత్తం 40 దాకా వస్తాయి. గుంటలు, నీళ్లు, చలి రాత్రుల్లో కప్పడం, ఇవి ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్పగలరా?

నర్సరీ_నర్సీపట్నం

నవంబరులో నాటొద్దని గట్టిగా చెప్పండి. గోదావరి ఒడ్డున వెచ్చగా పెరిగిన మొక్క, వేరు ఇంకా పట్టకుండానే నెల తిరిగేసరికి మంచులో నిలబడాలి. ఆకు లేతది, బెరడు పలచన. జూన్‌లో తొలి వానలు నేలని తడిపాక నాటితే డిసెంబరుకి ఆరు నెలల బలం వస్తుంది. ప్రారంభోత్సవానికి పచ్చదనం కావాలంటే కుండీల్లో బంతి, చామంతి పెట్టించండి.

సైజు కూడా తగ్గించండి. 12 అంగుళాల సంచిలో 5, 6 అడుగుల మొక్క మేలు. 12 అడుగులది కావాలంటే నేలలోంచి తవ్వి తీస్తారు, వేరులో సగానికి పైగా అక్కడే తెగిపోతుంది. రెండేళ్లు అది కదలదు. మూడో ఏటికి చిన్నదే దాన్ని దాటిపోతుంది.

కొనేటప్పుడు సంచి చించి ఒక మొక్క చూడండి. వేరు సంచి లోపల గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ లాటు వద్దు. ఒకటి రెండు చుట్లే అయితే కత్తితో నిలువునా మూడు చోట్ల గీసి, విప్పి నాటొచ్చు. అలా వదిలేస్తే పదేళ్ల తర్వాత ఆ వేరే మొదలుని బిగించి, గాలికి చెట్టు మొదలంటా పడుతుంది.

కడియం మొక్కలతో ఇంకో చిక్కు. వేరు చుట్టూ వచ్చే మట్టిముద్ద నల్ల బంకమట్టి, మీ నేల ఎర్ర గరప. రెండూ కలవకపోతే నీళ్లు గరపలోంచి దిగిపోతాయి, ముద్ద ఎండి రాయిలా అవుతుంది. పైన తడి కనిపిస్తుంటుంది, మొక్క మాత్రం వాడుతుంది. నాటేముందు ముద్ద చుట్టూ అంగుళం మట్టిని వేళ్లతో రాల్చి, వేరు కొసలు బయటకి తీసి, మీ మట్టికి తగిలేలా పెట్టండి. మొదటి నెల నీళ్లు ముద్ద మీదే, మొదలు దగ్గరే పోయాలి.

గుంట ఏప్రిల్, మేలోనే తవ్వి ఎండనివ్వండి. వెడల్పు మూడడుగులు, లోతు ముద్ద ఎంతుంటే అంతే. అడుగున మెత్తరాయి తగిలితే గునపంతో ఇంకో అడుగు గుల్ల చేయాలి గానీ ఆ మట్టి బయటకి తీయక్కర్లేదు. గుంట నిండా నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నిలిచే ఉంటే ఆ చోట తెల్లమద్ది తప్ప ఏదీ వద్దు. తవ్విన మట్టిలోనే బాగా చివికిన పశువుల ఎరువు పది కిలోలు, వేపపిండి ఒక కిలో కలిపి పూడ్చండి. ఎర్రనేలల్లో చెదలు ఉంటాయి, పచ్చి ఎరువు వేస్తే పిలిచినట్టే. మొదలు దగ్గర వేరు విచ్చుకునే చోటు నేలమట్టానికి అర అంగుళం పైకే ఉండాలి. లోతుగా పాతడం వల్ల పోయిన చెట్లే ఎక్కువ.

ఊతకర్రలు రెండు, ముద్దకి బయట పాతి, మొదలుకి గుడ్డపట్టీతో వదులుగా కట్టాలి. ఏడాదికి తీసేయాలి. బిగించి కడితే మొదలు ఊగక, లావెక్కక, కర్ర తీసిన రోజే వాలుతుంది.

నీళ్లు: మొదటి వేసవి నాలుగు రోజులకోసారి మొక్కకి 20 లీటర్లు. 40 మొక్కలకి ఒక విడత 800 లీటర్లు. బోరు సన్నగా వచ్చినా రాత్రంతా వెయ్యి లీటర్ల ట్యాంకు నింపుకుని, మొక్కకి గంటకి 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు చొప్పున రెండున్నర గంటలు వదిలితే సరిపోతుంది. రోజూ చెంబుడు పోయడం మాత్రం వద్దు, వేరు పైపైనే తిరుగుతుంది.

కొండవాలు

చలి గురించి మిగతాది చెబుతాను. ఆగస్టు దాటాక యూరియా గానీ మరే నత్రజని ఎరువు గానీ వేయొద్దు, కత్తిరింపూ వద్దు. రెండూ లేత చిగురుని తెస్తాయి, డిసెంబరులో ముందు పోయేది అదే. మొదలు చుట్టూ పరిచిన ఎండాకు వేసవిలో ఉండాలి, నాలుగు అంగుళాల మందం, మొదలుకి తగలకుండా. డిసెంబరు, జనవరిలో మాత్రం దాన్ని మూడడుగుల అవతలకి లాగేయండి. ఆకు కప్పిన నేల పగటి వేడిని తీసుకోదు, రాత్రి ఇవ్వదు. తడిగా, బోసిగా ఉన్న నేల రెండూ చేస్తుంది. అందుకే తేట రాత్రి రాబోతోందనిపిస్తే మధ్యాహ్నమే నేల తడపాలి. ఆకుల మీద కాదు.

రాత్రి 9 గంటలకి ఆకాశం తేటగా ఉండి, గాలి లేక, థర్మామీటరు 8 డిగ్రీల లోపుంటే కప్పేయండి. మూడు వెదురు కర్రలు గుడారంలా పాతి, గోనెపట్టా గానీ పాత దుప్పటి గానీ నేలకి తగిలేదాకా దించాలి. నేలలోంచి వచ్చే వేడిని పట్టి ఉంచడమే దాని పని. మొక్క తలకి మాత్రమే ముసుగేసి మొదలు దగ్గర బిగించి కడితే ఫలితం లేదు. ప్లాస్టిక్ ఆకుని తాకితే ఆ తాకిన చోటే మాడుతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య తీసేయాలి. మీది తూర్పు వాలు, పొద్దునే ఎండ నేరుగా పడుతుంది. గడ్డకట్టిన ఆకు ఒక్కసారిగా కరిగితే నష్టం పెరుగుతుంది, అందుకే మరీ తెల్లారుతూనే తీయొద్దు.

పొగ పెడితే చాలని అంటారు. పొగ ఆ వేడిని ఆపలేదు. మంట వల్ల కొంత ఉపయోగమే గానీ ఒక పెద్ద మంట కంటే అక్కడక్కడ చిన్నవి మేలు, పెద్దదైతే వేడిగాలి నేరుగా పైకి పోతుంది. నీళ్లు చిమ్మే పని అసలు మొదలెట్టొద్దు. పెద్ద తోటల్లో మంచు కరిగేదాకా ఆపకుండా చిమ్ముతారు కాబట్టే ఫలిస్తుంది. సన్నబోరుతో మధ్యలో ఆగితే చిమ్మకపోయినప్పటి కంటే ఎక్కువ చెడుతుంది.

కప్పలేనంత ఎత్తు పెరిగాక కింది రెండడుగుల మొదలుకి ఎండుగడ్డి చుట్టి గోనె కట్టండి. పైన పోయినా అక్కడినుంచి చిగురిస్తుంది. ఇందులో తేడా ఒకటుంది. లిచీ గూటీ అంటు, అంటే కొమ్మకే వేరు పుట్టించి తీసిన మొక్క, కాబట్టి ఎక్కడ చిగురించినా లిచీయే. మామిడి వేస్తే మాత్రం అంటు కట్టిన ముడికి పైన కనీసం అడుగు బతకాలి. ముడి కింద నుంచి వచ్చేది పుల్లటి నాటు మామిడి.

ఎర్ర తురాయిల సంగతి. ఇప్పుడు కత్తి పెట్టకండి. నల్లబడిన కొమ్మలు వికారంగా ఉన్నా కింద ఉన్న బతికిన మొగ్గలకి అవే కాస్త అడ్డు. ఇప్పుడు కోస్తే చిగురు తొందరపడి, ఫిబ్రవరిలో మరో చల్లరాత్రికి అదీ పోతుంది. మార్చి నెలాఖరున గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమరంగైతే ఇంకా కిందికి గీకుతూ పోండి. పచ్చదనం తగిలిన చోటికి దిగి, మొగ్గకి కొంచెం పైన కోయాలి. అయితే కిందవి కోలుకున్నా అక్కడ ఉంచడంలో అర్థం లేదు. వచ్చే జనవరికి మళ్లీ ఇదే. తెల్లమద్ది ఆ చోటికి తీసుకోండి. పైన ఉన్న మూడూ కప్పుకి 30 అడుగుల ఎడంగా ఉంటే ఉంచుకోండి.

సాగర్‌నగర్_తోటపని

అర్థమైందండి. ఓనరుతో మాట్లాడి జూన్‌కి ఒప్పించాను. ఇలా అనుకుంటున్నాను: రోడ్డు వైపు సిల్వర్ ఓక్, అశోక కలిపి ఏడు, లోపల బాటిల్ బ్రష్ పన్నెండు. పార్కింగ్‌కి కానుగ నాలుగు. గదుల ముందు దేవకాంచనం ఆరు, క్రేప్ మిర్టిల్ ఆరు, గోడకి ఆరడుగుల్లో. గెడ్డ వారన తెల్లమద్ది మూడు, నేరేడు రెండు. పక్కన సెప్టిక్ ట్యాంకు వస్తుంది. ఇంటివాళ్లు అడిగారని ఒక పనస, గదులకి పైవాలులో. రోడ్డు వెంట కరెంటు లైను పోతోంది, ఏమైనా ఇబ్బందా?

మొక్కుబడి_కాదు

లైను ఏ వైపు, ఎంత ఎత్తున ఉందో చూసుకోండి. మీ సరిహద్దు మీదుగానే పోతుంటే సిల్వర్ ఓక్, అశోక రెండూ దానికి తగులుతాయి. ఏటా లైన్‌మన్లు వచ్చి నడిమికి నరికేస్తారు, నరికిన సిల్వర్ ఓక్ మోడు చూడలేం. వరసలు తారుమారు చేయండి. లైను కింద బాటిల్ బ్రష్, దానికి లోపల 15 అడుగుల ఎడంగా ఎత్తైనవి. చల్లగాలిని మళ్లించడానికి ఏ వరస ముందున్నా ఒకటే.

దేవకాంచనం గోడకి ఆరడుగులు చాలదు, పదికి జరపండి. క్రేప్ మిర్టిల్ ఆరులో ఉండొచ్చు. సెప్టిక్ ట్యాంకుకీ పెద్ద చెట్లకీ కనీసం 30 అడుగులు ఉండాలి. నేరేడు వేరు తడిని వెతుక్కుంటూ పైపుల అతుకుల్లోకి దూరుతుంది. చోటు కుదరకపోతే చెట్టు మార్చకండి, ట్యాంకు స్థలం మార్పించండి, ఇంకా తవ్వలేదు కదా. ఎలాగూ గెడ్డ పక్కన ట్యాంకు పెట్టడమే మంచిది కాదు, నీళ్లలోకి ఊరుతుంది.

పనస పైవాలులో సరే. గదికి 25 అడుగులు వదలండి, కాయ బరువు కప్పు మీద పడకూడదు. మొదటి మూడేళ్లు దానికి గోనెపట్టా తప్పదు. ఇప్పుడు స్థలంలో ఉన్న పాత చెట్లు వేటినైనా తీయాలనుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ముందే అనుమతి తీసుకోండి. వీలైతే తీయకండి. పెద్ద చెట్టు కొమ్మల కింద నేల వేడి ఆకాశానికి నేరుగా పోదు. పనస మొక్కకి దానికంటే మంచి చోటు ఆ స్థలంలో దొరకదు.